అవతారిక లేని చిత్రములు
(సికింద్రాబాదు స్త్రీల ప్రాఁత ఛాయాచిత్రములను గూర్చిన విమర్శ)

1887 లో పైడిపాటి వెంకటనరసుగారు ముద్దుపళని రాధికాసాంత్వనమును అచ్చువేయించినపుడు, ఆ కవయిత్రి తన్ను గూర్చియు తన కుటుంబమునందలి స్త్రీలను గూర్చియు చెప్పుకొనిన అవతారికను విడిచిపెట్టిరి. 1910 లో బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాఁతప్రతిని సంపాదించి సరిచూచి, విడిచిన భాగములను మరల చేర్చి ప్రకటించిరి. ఆ కూర్పును ప్రభుత్వము నిషేధించుటయు, 1947 లో నిషేధము తొలఁగుటయు పండితలోక మెఱిఁగిన కథయే. వివాదమంతయు శృంగారమును గూర్చి జరిగినది. నా దృష్టికి అంతకంటె ముందుగా ఎన్నఁదగిన లోపము అవతారికను తీసివేయుట. కావ్య మున్నది, చదివినవా రానందించిరి. చెప్పినది ఎవరో, ఏ యింటిదో తెలియుటకు మార్గము లేకపోయెను.

సికింద్రాబాదు హైదరాబాదులయందు పందొమ్మిదవ శతాబ్ది తుదినుండి తీయఁబడిన స్త్రీల ఛాయాచిత్రములు నేఁడు పుస్తకములందును ప్రదర్శనములందును వెలువడుచున్నవి. వానిని చూచినపుడెల్ల నాకు 1887 నాఁటి కూర్పు జ్ఞప్తికి వచ్చుచున్నది. ముఖ మున్నది, నగ లున్నవి, చీర యంచునందలి పోఁగులను లెక్కింపవచ్చును. పేరు మాత్రము లేదు. సాహిత్యపరిశోధనము చేయువారికి ఛాయాచిత్రములతో నేమి పని యని కొంద ఱడుగవచ్చును. తాళపత్రమునకు మనము చేయు పరీక్షయే వీనికిని చేయఁదగినదనియు, ఆ విద్య నేర్చినవారు మన పండితులే యనియు నా సమాధానము.

సికింద్రాబాదున ఈ కళకు ఆద్యుఁడు కాకపోయినను ముఖ్యుఁడు లాలా దీనదయాళు. అతఁడు 1844 లో మీరట్టు ప్రాంతపు సర్ధనా యందు జైనకుటుంబమున జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలయందు ఇంజనీరు విద్య నేర్చి, ఇందూరున ప్రభుత్వపు కట్టడముల శాఖలో పని చేయుచు, 1874 ప్రాంతమున ఛాయాచిత్రణము నారంభించెను. 1886 లో సికింద్రాబాదున చిత్రశాలను స్థాపించెను. ఒకవైపు దండు దొరలు, ఒకవైపు నిజాము కొలువులోని అమీరులు అతనికి పోషకులు. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను అతనిని ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసికొని, 1894 లో ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసంగెను. అతఁడు 1905 లో మరణించెను. అతని శాలకు చెందిన గాజుపలకలు 2,800 కు మించినవి 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. గాజుపలక మాతృక; దానినుండి కాగితముపై దింపినవి ప్రతులు. మాతృకలు ఇంత పెద్ద సంఖ్యలో ఒకచోట నిలిచియుండుట మన వ్రాఁతప్రతుల భండారములకు కూడ సామాన్యముగా దొరకని భాగ్యము.

ఇందు మనకు ప్రకృతమైనది 1892 లో అతఁడు హైదరాబాదు నగరమున ఘోషాస్త్రీలకొఱకే తెఱచిన జనానా చిత్రశాల. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పురుషుఁ డెవ్వఁడును అడుగిడరాదు. చిత్రములు తీయుటకు ఒక ఆంగ్లేయ స్త్రీ నియమింపఁబడెను. పరపురుషుని కంటఁ బడని స్త్రీ యొక యంత్రపుఁ గంటి కెదురుగా కూర్చుండుటకు సమ్మతించుట ఆ కాలమునకు చిన్న సాహసము కాదు. ఏ వస్త్రము కట్టవలెను, ఏ నగ పెట్టవలెను, బిడ్డను ఒడిలో నుంచుకొనవలెనా వలదా యను నిర్ణయములలో ఆమెకును కొంత పాలు ఉండియుండును. కాఁబట్టి యిట్టి చిత్రములను వట్టి వేడుకవస్తువులుగా చూచుట తప్పు. ఇవి యొకవిధమున ఆమె చెప్పుకొనిన మాటలే.

ఆ శాల నడపిన దొరసానిని మనము ఏమని పిలుచుచున్నాము? శ్రీమతి కెన్నీ-లెవిక్. అది మగని యింటిపేరు. దీనదయాళును గూర్చి వ్రాయు రచనలలో ఆమె సాధారణముగా ఆ పేరుతోనే కనఁబడును. లోపల కూర్చున్నవారికి పేరు లేదన్న సరే, తీసిన ఆమెకు కూడ సగము పేరే మిగిలినది.

ఆ కాలపు చిత్రములను అట్టపై అంటించి యిచ్చెడివారు. క్యాబినెట్ అను పరిమాణపు అట్ట సుమారు నాలుగుంబావు అంగుళముల వెడల్పు, ఆఱున్నర అంగుళముల పొడవు. అట్ట క్రిందిభాగమున చిత్రశాల పేరు, ఊరి పేరు. వెనుకవైపున ఆ శాలకు వచ్చిన పతకములు, పోషకులైన ప్రభువుల ముద్రలు పొంకముగా అచ్చొత్తియుండును. ఇది మన తాళపత్రములందలి లేఖకుని గద్యవంటిది. లేఖకుఁడు తన పేరు, తండ్రి పేరు, సంవత్సరము, తిథి చెప్పుకొని, తప్పులు మన్నింపుఁడని వేఁడుకొనును. ఛాయాచిత్రశాలవాఁడు పేరు చెప్పుకొనును కాని మన్నింపు మనఁడు! అట్ట కిరువైపుల నింత వ్రాఁత యుండఁగా, ఎదుట కూర్చున్న స్త్రీ పేరు వ్రాయుటకు తా వుంచఁబడలేదు. లేఖకుని నామము నిలిచి, కవి నామము పోయిన గ్రంథమువలె నున్నది.

దీనికి ప్రతిగా నొక వాదము కలదు. దానిని నేను తేలికగా త్రోసివేయఁజాలను. మన యిండ్లలో భర్త భార్యను పేరుపెట్టి పిలువకపోవుటయు, భార్య భర్త పేరు చెప్పకపోవుటయు మొన్నమొన్నటి దాఁక ఆచారమే కదా. ఘోషాకుటుంబమున స్త్రీ పేరు బయటివారి నోటఁ బడుట ముఖము కనఁబడుటతో సమానము. కాఁబట్టి అట్టపై పేరు లేకుండుట ఉపేక్ష కాదు, మర్యాద యని యనవచ్చును. ఎత్తైన గోడలు కట్టినవాఁడు అట్ట వెనుక పేరు వ్రాసి ఆ గోడలను తానే కూల్చుకొనునా?

ఈ వాదమున సత్యము కలదు. కాని అది ఇంటిలో నుండు చిత్రమునకే చెల్లును. ఆ చిత్రము ఇంటివారికొఱకు తీయఁబడినది. ఇంటివారికి ఆమె యెవరో తెలియును. పేరు వ్రాయ నక్కఱ లేదు. చిత్రము ఇల్లు విడిచి, మూఁడు తరముల తరువాత పాతవస్తువుల యంగడికి చేరి, అచటినుండి సంగ్రహకర్త చేతఁ బడి, పిమ్మట గ్రంథమున నెక్కినపుడు, మర్యాద యేదో అది పోయినది. పేరు లేమి మాత్రము మిగిలినది. క్రింద “హైందవస్త్రీ” యనియో “రాణివాసపు యువతి” యనియో “ఆటకత్తె” యనియో వ్రాయుదురు. ఈ వ్రాఁత చిత్రముతో వచ్చినది కాదు, పట్టిక వ్రాసినవాఁడు చేర్చినది. ప్రక్షిప్తమును మూలముగా భ్రమించుట మన శాస్త్రమున ఎంత దోషమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. నగలనుబట్టి ఆటకత్తె యని నిర్ణయించినవా రెందఱు సంపన్నగృహిణుల కిట్టి యన్యాయము చేసిరో, ఆటకత్తెలైన విదుషీమణుల పేర్ల నెన్నింటిని మాపిరో!

పేరు చెప్పకపోవుటయే మన పూర్వాచారమనుట కూడ సరికాదు. శాసనములు చూచినవా రెఱుఁగుదురు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెఱువును త్రవ్వించి, పుట్టినింటి వంశావళిని శాసనమున వ్రాయించినది. కాకతీయుల వంశక్రమమును తేల్చుటకు ఆ శాసనము ముఖ్యాధారములలో నొకటి. ఒక స్త్రీ తన్ను గూర్చి వ్రాయించుకొనినది కాఁబట్టి రాజుల చరిత్ర మనకు తెలిసినది. శిలకు లేని సంకోచము గాజుపలకకు ఎచటినుండి వచ్చెను?

పేరునకు బదులు జాతిని వ్రాయు పద్ధతి దొరతనమువారిది. ఫోర్బెస్ వాట్సను, జాన్ విలియం కే యనువారి సంపాదకత్వమున 1868 నుండి 1875 వఱకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ యను గ్రంథమును చూడుఁడు. అందు మనుష్యులు సాధారణముగా తమ తమ కులములకు ఉదాహరణములుగా నిలుపఁబడిరి. 1909 లో థర్‌స్టన్ రంగాచార్యులు ప్రకటించిన దక్షిణదేశ కులగ్రంథపు ఏడు సంపుటములందును పద్ధతి చాలవఱకు అదియే. మన యలంకారికులును నాయికలను ఎనిమిది విధములుగా విభజించిరి కాని, వారు విభజించినది కావ్యములోని కల్పితస్త్రీలను. మాటాడుచు, ఎండలో కండ్లు చిట్లించుచు ఎదుట నిలుచున్న కూలిదానిని కాదు.

కూలిది యన్నందున మఱియొక మాట. 1899–1900 నాఁటి కఱవులో నిజాము రాజ్యపు పశ్చిమభాగమున జరిగిన సహాయపు పనులను దీనదయాళుని శాలవారు చిత్రించిరి. ఆ పనులలో మగవారితోపాటు స్త్రీలును రాలు కొట్టిరి, మట్టి మోసిరి. జనానా శాలలో కూర్చున్న ఆమెకు గోడలైన నుండెను. వీరికి అదియు లేదు. తీయుటకు సమ్మతి యడిగినవారు లేరు, ప్రతి యొకటి యిచ్చినవారును లేరు. అచట చిత్రమునకు కర్త ప్రభుత్వము, వస్తువు ప్రభుత్వపు దయ. అందలి స్త్రీ యా దయకు సాక్షి మాత్రమే. ఒకే శాలనుండి వచ్చిన యీ రెండు తెగల చిత్రములను ఒకే పుటపై చేర్చి ‘నాఁటి స్త్రీల జీవితము’ అని శీర్షిక పెట్టుట నేఁటి గ్రంథములలో కనఁబడుచున్న దోషము. ఒకటి తాను కోరి చెప్పిన మాట. రెండవది తన్ను గూర్చి యితరులు చెప్పిన మాట. ఉత్తమపురుషను ప్రథమపురుషను కలిపి చదువరాదు.

పేరు దొరకని చిత్రమునుండి అంతస్సాక్ష్యమును రాఁబట్టవచ్చును. కాని జాగ్రత్త వలయును. స్త్రీ చేతిలో పుస్తక మున్నచో చదువుకొనిన దని వ్రాయుట పరిపాటి యైనది. పుస్తకము, పూలకుండీ, చెక్కిన కుర్చీ, వెనుక తెఱపై వ్రాసిన ఉద్యానము — ఇవి తఱచుగా చిత్రశాలవారి సొత్తు. అదే పుస్తకము అదే చిత్రశాలలో నలుగురు స్త్రీల చేతిలో కనఁబడినచో అది శాలవారి పుస్తకమే. ప్రబంధములయందు ప్రతి నగరమునను మేడలు మింటి నంటినట్లు, ప్రతి చిత్రమునను ఈ యుద్యానము. కవిసమయములను తీసివేసినపిదప మిగిలినది చరిత్ర. చీరకట్టు, కొప్పు, ముక్కెర, మెట్టెలు, చెప్పులు తొడుగుట లేదా తొడుగకపోవుట, చేతి గోరింట — ఇవి ఇంటినుండి వచ్చినవి. వీనిని నమ్మవచ్చును, అదియు పెండ్లినగలు ఎరువు తెచ్చుకొను ఆచారమును మఱవకుండఁగా.

ఇతరదేశములందు ఈ చిక్కును ఎట్లు విప్పుకొనుచున్నారో చూచుట లాభకరము. అమెరికాలోని యూదులు తమ చరిత్రసంఘమును 1892 లో స్థాపించుకొనిరి. మన జనానా చిత్రశాల తెఱచిన సంవత్సరమే యది. మఱుసటి యేఁడు షికాగోలో హన్నా సాలొమన్ యను నామె యూదస్త్రీల జాతీయసభను నెలకొల్పెను. ఆ కాలపు మర్యాద ననుసరించి ఆమెను శ్రీమతి హెన్రీ సాలొమన్ అని వ్యవహరించెడివారు. హెన్రీ ఆమె భర్త. దేవాలయపు స్త్రీసంఘములు, కుట్టుపని బడులు, వలసవచ్చినవారికి అన్నము పెట్టు సత్రములు — వీనియందు పని చేసిన స్త్రీల చిత్రముల క్రింద కూడ మగల పేర్లు వ్రాయుటయే నాఁటి వాడుక. మగని పేరు తెలిసినను ఆమె పేరు తెలియదు. ఒకఁడు ఇద్దఱిని పెండ్లాడియున్నచో ఎవరో కూడ తెలియదు. 1995 లో యూదస్త్రీల చరిత్రభండార మను సంస్థ ప్రత్యేకముగా నేర్పడి ఈ పనికి పూనుకొనెను. బాల్టిమోరు, సియాటిల్ నగరములలో వృద్ధస్త్రీలచేత వారి జీవితమును వారిచేతనే చెప్పించి, ఆ మాటలతోపాటు చిత్రములను నిలిపిరి. ఇందు నేను మెచ్చునది యీ క్రమము: మాట ముందు, చిత్రము వెనుక.

మనకును ఇట్టి యుదాహరణము లేకపోలేదు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటనవారు తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొనిన స్త్రీలచే వారి కథలను చెప్పించి 1986 లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను పేర ప్రకటించిరి. వారి భాషయే యుంచిరి. ఆ గ్రంథము చదివినవానికి పిమ్మట ఆ కాలపు చిత్రమును చూచినపుడు తుపాకి పట్టిన చేయి యొకటియే కనఁబడదు. ఆ చేయి విడిచివచ్చిన పసిబిడ్డయు కనఁబడును. ఆ పని పోరాటమునకు జరిగినది. గృహములకు, బడులకు, ఆసుపత్రులకు, ఇనుపదారి పనివారి వాడలకు జరుగవలసియున్నది.

ఇనుపదారి పనివారి వాడ యనఁగా నేను మెట్టుగూడను తలఁచుచున్నాను. 1874 లో వాడినుండి సికింద్రాబాదునకు ఇనుపదారి వచ్చెను. 1893 లో లాలాగూడ కర్మాగార మేర్పడెను. దాని నాశ్రయించి లాలాగూడ మెట్టుగూడ ప్రాంతమున తెలుఁగువారు, అరవవారు, ఆంగ్లో-ఇండియనులు ఇరుగుపొరుగుగా కాపురముండిరి. రాజులను చిత్రించిన శాలలు వీరికి అందుబాటు కావు. వాడలోని చిన్న చిత్రశాలలే వీరికి గతి. ఇచటి ప్రాఁత యిండ్లలోని చిత్రములను చూడఁగా జనానా చిత్రశాలలో లేని లోక మొకటి కనఁబడును. ఉద్యోగవిరమణనాఁటి గుంపుచిత్రమున మగవారు కుర్చీలలో పూలదండలతో నుండఁగా, ఇంటిస్త్రీలు వెనుక తలుపువద్ద సగము కనఁబడుదురు. వారిని ఛాయాచిత్రకారుఁడు పిలువలేదు, పొమ్మనియు అనలేదు. పెండ్లిసంబంధమునకు పంపుటకై తీయించిన ఒంటరిచిత్రములు మఱియొక జాతి: ఏడ్పును ఆపుకొనుచున్న పదునాఱేండ్ల పిల్ల, ప్రక్కన ఎత్తును తెలుపు ఒక బల్ల. క్రిస్మసు నాట్యమునకు సిద్ధమైన ఆంగ్లో-ఇండియను యువతుల చిత్రములందు మాత్రమే నవ్వు బాహాటముగా కనఁబడును; తక్కినవారికి నవ్వవలదని చెప్పిరో, నవ్వఁదగినది కనఁబడలేదో.

1947 తరువాత ఆంగ్లో-ఇండియను కుటుంబములు పెక్కులు ఇంగ్లండునకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు తరలిపోయినవి. కొన్ని చిత్రములు వారితో పోయినవి, కొన్ని ఇరుగుపొరుగు ఇండ్లలో నిలిచినవి. ఇచట నున్న చిత్రమునకు పేరు అచట నున్నది. అచట నున్న చిత్రమునకు ఊరు ఇచట నున్నది. తెలుఁగు కుటుంబముల చిక్కు వేఱు. అత్తగారి పేరును కోడలి పేరును ఒకటే యైనచో కోడలికి వేఱు పేరు పెట్టుట కొన్ని యిండ్లలో కలదు. ఒక యింట నేను చూచిన చిత్రములో ఏడుగురు స్త్రీలున్నారు. ఆ యింటి ముసలమ్మ నలుగురి పేర్లు చెప్పినది. అయిదవ ఆమెను తన పినతల్లి యని ఒక పేరు చెప్పఁగా, మెట్టినింటివారు ఇంకొక పేరు చెప్పిరి. విచారింపఁగా రెండును ఆమెవే. తక్కిన యిద్దఱిని ఎఱిఁగినవారు ఆ వాడలో ఇపుడు లేరు.

సికింద్రాబాదు వానలకు గోడపై నున్న చిత్రము అద్దమునకు అంటుకొనును. వెలుతురు తగులు గోడపై నున్నది కాఫీరంగునుండి పసుపునకు, పసుపునుండి తెలుపునకు పోవును. పటము నశించుటకు కొన్ని దశాబ్దములు పట్టును. పేరు నశించుటకు ఒక ముసలమ్మ చాలును. కాఁబట్టి మొదట కాపాడవలసినది పటము కాదు. నేఁడు పటమును యంత్రముతో క్షణములో ప్రతి తీయవచ్చును. ఆ సౌలభ్యమువలన పేరులేని ప్రతులు వేలకొలఁది పెరుగుట తప్ప వేఱు లాభము ఇంతవఱకు నాకు కనఁబడలేదు.

ఈ పని చేయఁదగినవారు మన బడిపండితులు. వారికి వాడలో ప్రవేశము కలదు. విద్యార్థుల నాయనమ్మలు, అమ్మమ్మలు వారితో మాటాడుదురు. చిత్రమున కొక సంఖ్య వేసి, ఎడమనుండి కుడికి వరుసగా నిలుచున్నవారి పేరు, పుట్టినింటి పేరు, మెట్టినింటి పేరు, ఊరు వ్రాసికొనవలెను. పుట్టినింటి పేరు మఱవరాదు. అది పోయినచో బయ్యారపు శాసనము మొదటిభాగము విఱిగినట్లే. చెప్పినవారెవరో, ఏనాఁడు చెప్పిరో వ్రాయవలెను. చిత్రము వెనుక సిరాతో వ్రాయరాదు, ముందుప్రక్కకు ఊరును; వేఱు కాగితమున వ్రాసి ఆ సంఖ్య చేర్చినచో చాలును. పేరు వ్రాసికొనుటకు ఒకమాఱు, అచ్చువేయుటకు వేఱొకమాఱు అనుమతి యడుగవలెను. గోడలలోపల తీయించుకొనిన చిత్రమును బయట పెట్టవలదని యింటివా రన్నచో పట్టికలో పేరు నిలిపి పటమును విడిచిపెట్టుట న్యాయము. ఇద్దఱు వృద్ధలు ఒకే ముఖమునకు రెండు పేర్లు చెప్పినచో, మనకు తోఁచిన యొకదానిని గైకొని రెండవదానిని కొట్టివేయక, మూలమున నొకటియు అడుగున పాఠాంతరముగా నొకటియు నిలుపవలెను. పేరు దొరకని ముఖమునకు కులమునో వృత్తినో ఊహించి వ్రాయక, గ్రంథపాతమునకు మనము చుక్కలు పెట్టినట్లు ఆ తావున చుక్కలు పెట్టి విడువవలెను.